స్లీవ్ సర్జరీ తర్వాత నీరసం, జుట్టు ఊడటం: ఏం తినాలి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి

ప్రశ్న: నాకు 39 ఏళ్లు, గుంటూరులో స్కూల్ టీచర్‌ని. అయిదు నెలల క్రితం విజయవాడలో బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ సర్జరీ చేయించుకున్నాను. 112 కిలోల నుంచి 84కి వచ్చాను. నెల రోజులుగా దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా వస్తోంది. కూర్చుని లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, మెట్లెక్కితే కాళ్లు లాగుతున్నాయి. బీపీ మాత్ర పాతదే వేసుకుంటున్నాను. కాల్షియం వేసుకుంటే ఉబ్బరం, ఐరన్ వేసుకుంటే మలబద్ధకం; దాంతో మిగతా మాత్రలన్నీ ఆపేశాను. స్లీవ్‌లో పేగు జోలికి వెళ్లరు కదా, జీవితాంతం మాత్రలు దేనికని ఇంట్లో అంటున్నారు. ప్రొటీన్ పౌడర్ కిడ్నీలు పాడుచేస్తుందని మా ఆడపడుచు భయపెట్టింది. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం రెండు ముద్దల పప్పన్నం, సాయంత్రం కొబ్బరినీళ్లు, రాత్రి రెండు ఇడ్లీలు తింటున్నాను. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండొచ్చా?

జవాబు: టీచరు గారూ, విజయవాడలో ఈ సర్జరీలు చేయించుకున్నవాళ్లకు ఆహారం చెప్పే డైటీషియన్‌గా చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. మీరు జుట్టు గురించి ముందు రాశారు గానీ నేను కళ్లు తిరగడంతో మొదలుపెడతాను. అది ఈ రోజే చూడాల్సిన విషయం.

మీరు 112 కిలోలు ఉన్నప్పుడు రాసిచ్చిన బీపీ మాత్రను 84 కిలోలకు వచ్చాక కూడా అదే మోతాదులో వేసుకుంటున్నారు. బరువు ఇంత తగ్గితే చాలామందికి బీపీ కూడా దిగుతుంది. దాని మీద పాత మోతాదు పడితే ఉండాల్సిన దానికన్నా కిందికి పోతుంది. మాత్రలో ఒంట్లో నీరు లాగే మందు కూడా కలిసి ఉంటే, మీరు తాగే ఆ కాస్త నీళ్లూ నిలవవు. దగ్గర్లో ఎక్కడైనా కూర్చుని ఒకసారి, లేచి నిలబడి రెండు మూడు నిమిషాల తర్వాత ఇంకోసారి బీపీ చూపించుకోండి. రెండు అంకెలూ రాసుకుని మీ డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు, సగం విరిచి వేసుకోవద్దు. షుగర్ ఉండి ఇన్సులిన్‌ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతున్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. సర్జరీ తర్వాత పాత మోతాదే కొనసాగిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఇక తిండి. మీరు రాసిన నాలుగు పూటల్లో ప్రొటీన్ ఎంతుందో లెక్క కట్టి చూశాను. గ్లాసు రాగి జావలో పడే పిండి పాతిక గ్రాములకు మించదు, అందులో ప్రొటీన్ రెండు గ్రాముల లోపే. మజ్జిగ కలిపితే ఇంకో గ్రాము, గ్రామున్నర. రెండు ముద్దల పప్పన్నంలో నాలుగైదు. కొబ్బరినీళ్లలో లేనట్టే. రెండు ఇడ్లీల్లో నాలుగు. మొత్తం కలిపినా 15 గ్రాములు దాటదు. స్లీవ్ అయినవాళ్లకు రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి, 80 దాకా వెళ్లినా మంచిదే. మీకు అందుతున్నది అందులో నాలుగో వంతు. మిగతాది శరీరం మీ కండల్లోంచి తీసుకుంటోంది. తగ్గిన 28 కిలోల్లో కొవ్వుతో పాటు కండ కూడా ఉంది. మెట్లెక్కితే కాళ్లు లాగడానికి ఇదొక పెద్ద కారణం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోగలరేమో చూడండి. కష్టంగా ఉంటే తొడల్లో బలం తగ్గినట్టే.

మన ఇళ్లలో ‘ఒంటికి మంచిది’ అనుకుని ఆపరేషన్ అయినవాళ్లకు ఇచ్చేవన్నీ ఇలాంటివే: జావ, చారు, పప్పు మీద తేరిన కట్టు, పళ్లరసం, సగ్గుబియ్యం. మొదటి రెండు వారాలు ద్రవాలు, తర్వాత మెత్తగా చేసినవి, నెల దాటాక మెత్తని ఘనాహారం అని వరస ఉంటుంది కాబట్టి అప్పుడు కొంతవరకు తప్పదు. అయిదో నెలలోనూ అదే తింటుంటే మాత్రం చిన్నదైపోయిన ఆ పొట్టలో చోటంతా నీళ్లకీ పిండికీ పోతోందన్నమాట. సర్జరీలో పొట్ట దాదాపు 75, 80 శాతం తీసేశారు. ఎక్కువ తినకుండా ఆ మిగిలిన భాగమే చూసుకుంటుంది. పట్టే ఆ కాస్తలో ఏం పెట్టాలన్నది మాత్రం మీరే చూసుకోవాలి.

మీకు నేనైతే ఇలా రాసిస్తాను. పొద్దున లేచాక ఒక ఉడకబెట్టిన గుడ్డు, 6 గ్రాములు. గంట ఆగి ఒక స్కూప్ వే ప్రొటీన్ నీళ్లలోనో వెన్న తీసిన పాలలోనో కలుపుకోండి, సుమారు 24 గ్రాములు. మధ్యాహ్నం ముందుగా చేపో చికెనో, వండినది 60 నుంచి 70 గ్రాములు. మనకు దొరికే కొరమీను, శీలావతి మెత్తగా ఉంటాయి, పులుసులో ముక్క తీసుకుని తింటే సులువుగా దిగుతాయి. అది 15 గ్రాముల దాకా వస్తుంది. సాయంత్రం బట్టలో వడకట్టిన గట్టి పెరుగు చిన్న గిన్నెడు, 8 గ్రాములు. రాత్రి ఇడ్లీ బదులు పెసరట్టు. పెసల్లో నూటికి 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, 40 గ్రాముల పెసలతో పోసిన అట్టు తిన్నా 9 గ్రాములు దాటుతుంది. స్లీవ్ తర్వాత ఆంధ్రా టిఫిన్లన్నిటిలో నా ఓటు పెసరట్టుకే. లోపల ఉప్మా మాత్రం వద్దు, ఆ చోటు మీకు చాలా విలువైనది. అల్లం చట్నీ కారం తక్కువగా చేసుకోండి. ఇదంతా కలిపితే 60 దాటింది చూడండి. శాకాహారులైతే చేప స్థానంలో 50 గ్రాముల పనీరు పెట్టుకోవచ్చు, లేదా 25 గ్రాముల మీల్‌మేకర్ నానబెట్టి పిండి, సన్నగా తరిగి వండుకోవచ్చు. గట్టి ముద్దపప్పు అన్నం లేకుండా చెంచాతో తినండి.

తినే వరస కూడా మారాలి. మన విస్తరిలో అన్నం మధ్యలో ఉంటుంది, మిగతావన్నీ దాని కోసం. మీ కంచంలో ముందు ప్రొటీన్, తర్వాత కూర, ఇంకా చోటుంటేనే చివర్లో అన్నం. చిన్న ముద్ద, బాగా నమలడం, అరగంట సేపు తినడం. తింటూ నీళ్లు తాగొద్దు, తిన్నాక అరగంట ఆగండి. జంతికలు, చేగోడీలు, బిస్కట్లతో జాగ్రత్త. ఇవి నోట్లో కరిగి పొట్టలో ఆగకుండా జారిపోతాయి, ఎన్ని తిన్నా కడుపు నిండినట్టుండదు. రెండో ఏడాదిలో బరువు మళ్లీ పెరిగినవాళ్లను కూర్చోబెట్టి అడిగితే ఎక్కువగా వినిపించేది వీటి పేర్లే.

ప్రొటీన్ పౌడర్ గురించి మీ ఆడపడుచుగారి భయం తీర్చాలి. కిడ్నీలు బాగున్న మనిషికి రోజుకు 60, 80 గ్రాముల ప్రొటీన్ అతి కాదు. మీ ఎత్తుకు ఉండాల్సిన బరువులో కిలోకు ఒక గ్రాము నుంచి గ్రామున్నర, అంతే. పౌడర్ అంటే పాలలోంచి తీసిన ప్రొటీనే. క్రియాటినిన్ పరీక్ష చేయించి, మామూలుగా ఉంటే నిశ్చింతగా తాగండి. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తీసుకోవాలో కిడ్నీ డాక్టర్‌నే అడగాలి. కొనేటప్పుడు వెనక చక్కెర ఎంతుందో చూడండి. పాలు పడనివాళ్లు ఐసొలేట్ రకం తీసుకోవాలి. ‘మాస్ గెయినర్’ అని రాసి ఉన్న డబ్బా, పిల్లలకు పాలలో కలిపే మాల్ట్ పొడి ఈ పనికి రావు. వాటిలో పిండీ చక్కెరే ఎక్కువ.

ఇప్పుడు మాత్రల సంగతి. పేగు ముట్టుకోలేదు కదా అన్న ప్రశ్న సబబైనదే, చాలామంది అడుగుతారు. బైపాస్‌లో (ఇదీ బరువు తగ్గడానికి చేసే పొట్ట సర్జరీయే, గుండెది కాదు) పేగు మొదటి భాగాన్ని తప్పిస్తారు కాబట్టి లోపాలు ఇంకా ఎక్కువగా వస్తాయన్నది నిజం. కానీ స్లీవ్‌లో తీసేసిన పొట్ట ఖాళీ సంచి కాదు. ఆమ్లం తయారుచేసే కణాలు, బి12ను పేగు పీల్చుకోవడానికి కావలసిన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌ని తయారుచేసే కణాలు ఎక్కువ భాగం అక్కడే ఉండేవి. ఆమ్లం తగ్గితే ఐరన్ సరిగా ఒంటబట్టదు, కాల్షియం కార్బొనేట్ సరిగా కరగదు. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ తగ్గితే బి12 పేగు దాకా వచ్చినా లోపలికి పోదు. ఆ కణాలు మళ్లీ పుట్టవు, అందుకే మాత్రలు జీవితాంతం. దీనికి తోడు మీరు తినేదే కొంచెం.

మోసం చేసేది బి12. గాదెలో ధాన్యంలా అది కాలేయంలో నిల్వ ఉంటుంది. అందుకే మాత్రలు ఆపినా చాలా నెలలు ఏమీ తెలియదు, ‘ఆపేశాను, బాగానే ఉన్నాను’ అనిపిస్తుంది. నిల్వ అయిపోయాక అరికాళ్లలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండటం, నడకలో తూలు, మతిమరుపు మొదలవుతాయి. నరాలకు జరిగిన నష్టం కొంత ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు. శాకాహారులకు, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ గానీ గ్యాస్ మాత్ర గానీ వాడినవాళ్లకు ఆ నిల్వ మొదటి నుంచే తక్కువ. రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాముల మాత్ర, లేదా నెలకొకసారి 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్, రెండిట్లో ఏదో ఒకటి ఉండాలి. బి12 చూసుకోకుండా ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఒక్కటే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది గానీ నరాలు దెబ్బతినడం ఆగదు.

మీకు ఉబ్బరం తెచ్చింది కార్బొనేట్ రకం కాల్షియం అయి ఉంటుంది. స్ట్రిప్ వెనక చూడండి. సిట్రేట్ రకం అడగండి, దానికి ఆమ్లం అక్కర్లేదు, ఉబ్బరం కూడా తక్కువ. తిండిలో వచ్చేదీ మాత్రలదీ కలిపి రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు కావాలి. ఒక్కసారికి 500, 600 మించి వేసుకుంటే ఎక్కువైంది బయటికే పోతుంది. ఐరన్ అయితే నెలసరి వచ్చే ఆడవాళ్లకు రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాములు. ఇది అసలు ఐరన్ లెక్క, లేబుల్ మీద ‘ఎలిమెంటల్ ఐరన్’ అని ఉన్న అంకె చూడాలి. మలబద్ధకం చేస్తే ఆపేయకుండా రకం మార్చమని డాక్టర్‌ని అడగండి. మాత్రలతో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపే రక్తపరీక్ష అంకె) పెరగకపోతే నరానికి ఎక్కించే ఐరన్ ఉంది.

కాల్షియం, ఐరన్ ఒకేసారి వేసుకోకూడదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మీరు స్కూల్లో ఉంటారు కాబట్టి గంట కొట్టే వేళలకు కలిపి పెట్టుకోండి. టిఫిన్ తర్వాత మల్టీవిటమిన్. పదిన్నర ఇంటర్వెల్‌లో ఒక కాల్షియం. మధ్యాహ్నం భోజనమయ్యాక ఐరన్. ఆ పూట పెరుగు తినకుండా, అన్నంలోనో కూరలోనో నిమ్మకాయ పిండుకోండి. సాయంత్రం ఇంటికొచ్చాక రెండో కాల్షియం. స్టాఫ్‌రూమ్ టీ ఐరన్‌కు గంట ముందు గానీ గంట తర్వాత గానీ తాగాలి, టీ ఐరన్‌ని పట్టేసుకుంటుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దానికీ కాల్షియం, ఐరన్ మాత్రలకీ నాలుగు గంటల ఎడం పాటించాలి. విటమిన్ డి3 రోజుకు 3000 ఐయూ దగ్గర మొదలుపెట్టి, రక్తంలో మిల్లీలీటరుకు 30 నానోగ్రాములు దాటేలా చూసుకోవాలి. వారానికొకటి వేసుకునే 60,000 ఐయూ డోసు లోపం తీర్చడానికి కొన్ని వారాలు ఇచ్చేది. పరీక్ష లేకుండా ఏళ్ల తరబడి అదే కొనుక్కుని వాడితే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరగవచ్చు. మల్టీవిటమిన్ పేరుతో దొరికే గమ్మీలు వద్దు, వాటిలో సాధారణంగా ఐరన్ ఉండదు, బి1 కూడా చాలదు.

బి1, అంటే థయమిన్ గురించి ఆగి చెప్పాలి. మిగతా విటమిన్ల లోపం నెలల్లో, ఏళ్లలో బయటపడుతుంది. థయమిన్ నిల్వ ఒంట్లో రెండు మూడు వారాలకు మించి రాదు. సర్జరీ అయినవాళ్లకు ఏ కారణంగానైనా వరసగా కొన్ని రోజులు వాంతులు అయితే అది అడుగంటుతుంది. అప్పుడు ఒకటి రెండుగా కనిపించడం, కనుగుడ్లు అదరడం, తూలుతూ నడవడం, మాట తడబడి అయోమయంగా ఉండటం మొదలైతే అది మెదడుకు వచ్చిన ఎమర్జెన్సీ. మన దగ్గర నీరసంగా ఉందంటే వెంటనే వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లి గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకోవడం అలవాటు. థయమిన్ అడుగంటి ఉన్న మనిషికి ముందు గ్లూకోజ్ ఎక్కిస్తే ఆ గ్లూకోజ్‌ని వాడుకోవడానికి మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. కాబట్టి మీరు ఏ ఆస్పత్రికి వెళ్లినా మొదటి మాటగా ‘నాకు స్లీవ్ సర్జరీ అయింది, వాంతులు అవుతున్నాయి, ముందు బి1 ఇంజెక్షన్ ఇవ్వండి’ అని చెప్పండి. ఇంట్లోవాళ్లకు కూడా నేర్పండి, ఆ సమయంలో మీరు చెప్పగలిగే స్థితిలో ఉండకపోవచ్చు. ఒక కాగితం మీద సర్జరీ పేరు, తేదీ, ఈ మాటా రాసి పర్సులో పెట్టుకోండి. మామూలు రోజుల్లో మల్టీవిటమిన్‌లో బి1 కనీసం 12 మిల్లీగ్రాములు ఉంటే సరిపోతుంది. రోజంతా ఏం తాగినా నిలవకుండా వాంతులు అవుతుంటే మీ సర్జన్‌కి ఆ రోజే ఫోన్ చేయాలి.

ఆ కాగితం మీదే ఇంకొకటి రాయండి: డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వద్దు అని. మెడికల్ షాపులో ఒళ్లు నొప్పులంటే చేతిలో పెట్టేవి ఇవే. ఇవి పొట్టలో పుండ్లు చేస్తాయి, బైపాస్ అయినవాళ్లకు మరీ ప్రమాదం. పారాసిటమాల్ వాడుకోవచ్చు. ‘మాత్రలన్నీ’ ఆపేశానన్నారు, అందులో అర్సోడియాక్సికోలిక్ యాసిడ్ కూడా ఉందేమో చూసుకోండి. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడకుండా మొదటి ఆరు నెలలకు ఇచ్చేది అది. నేతి వంట తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద పట్టేసినట్టు నొప్పి వస్తే స్కాన్ తీయించాలి.

జుట్టు. సర్జరీ, వేగంగా బరువు తగ్గడం, ఈ రెండు దెబ్బలకూ చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లి, మూడో నెల తర్వాత రాలడం మొదలవుతాయి. కుదుళ్లు చావవు. చాలామందికి ఏడాది లోపు ఆగి కొత్త జుట్టు వస్తుంది. మీది సరిగ్గా ఆ సమయంలోనే మొదలైంది కాబట్టి కంగారు పడొద్దు. కానీ 15 గ్రాముల ప్రొటీన్‌తో, ఐరన్ లేకుండా ఉంటే ఆ రాలడం ఎక్కువవుతుంది, ఎక్కువ కాలం సాగుతుంది. తొమ్మిది నెలలు దాటినా తగ్గకపోతే ఐరన్, జింక్, థైరాయిడ్ చూడాలి. బయోటిన్ మాత్రలకు డబ్బు పెట్టకండి. బయోటిన్ లోపం లేనివాళ్లకు అది జుట్టు మొలిపించదు, పైగా ఎక్కువ మోతాదులో వేసుకుంటే థైరాయిడ్ లాంటి రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా వస్తాయి. ఇప్పటికే వాడుతుంటే ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పి, పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపండి.

కార్తీక సోమవారం. మొదటి ఏడాది సాయంత్రం నక్షత్రం కనిపించేదాకా నీళ్లు కూడా ముట్టని ఉపవాసం వద్దు. కళ్లు తిరుగుతున్న ఈ స్థితిలో అసలే వద్దు. రోజంతా ఖాళీ పొట్టతో ఉండి, సాయంత్రం ప్రసాదాలు, తీపి పదార్థాలు ఒక్కసారిగా తింటే గుండెదడ, చెమటలు, కడుపులో తిప్పడం వస్తాయి. దీన్నే డంపింగ్ అంటారు, బైపాస్ వాళ్లకు ఎక్కువగా వచ్చినా స్లీవ్ వాళ్లకూ వస్తుంది. అన్నం మానేయడమే వ్రతమనుకుంటే మీకు ఇబ్బంది లేదు: పాలు, వడకట్టిన పెరుగు, పనీరు, వే ప్రొటీన్, మజ్జిగ వేళకు తీసుకుంటూ, మాత్రలు మానకుండా దీపం పెట్టుకోండి. శక్తి కొద్దీ చేయమనే పెద్దలూ చెబుతారు. మీ అత్తగారు బాధపడతారనుకుంటే డైటీషియన్ వద్దన్నారని నా మాటగా చెప్పండి.

నీళ్లు రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు, గుక్కగుక్కగా. బాటిల్ క్లాసులో టేబుల్ మీదే ఉంచండి. మే నెలలో గుంటూరు, విజయవాడల్లో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్లే రోజుల్లో దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. ఈ పొట్టతో ఒకేసారి అరలీటరు తాగి లోటు తీర్చుకోవడం కుదరదు. మూత్రం ముదురు పసుపులో వస్తే తక్కువ తాగుతున్నారని అర్థం. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచిది, కొబ్బరినీళ్లూ అప్పుడప్పుడు తాగొచ్చు. గోలీ సోడా, చెరకు రసం వద్దు.

ప్రొటీన్ 60 దాటి రెండు వారాలయ్యాక, బీపీ సరిచేసుకున్నాక, నడకతో పాటు వారానికి రెండు మూడు రోజులు బరువులతో గానీ రబ్బరు బ్యాండ్‌తో గానీ వ్యాయామం మొదలుపెట్టండి. నడక ఒక్కటే కండను నిలబెట్టదు.

మూడు, ఆరు, పన్నెండు నెలలకు, తర్వాత ఏటా రక్తపరీక్షలు ఉండాలి. మీరు ఆరో నెల దాకా ఆగకుండా ఈ వారమే చేయించండి: సీబీసీ, ఫెరిటిన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, అల్బుమిన్, క్రియాటినిన్, లివర్ పరీక్ష, సోడియం, పొటాషియం, షుగర్. బైపాస్ అయినవాళ్లు జింక్, కాపర్ కూడా చేర్చాలి. రిపోర్టులు ముందు మీ సర్జన్‌కి చూపించండి, ఏ మాత్ర ఎంత అన్నది ఆయనే రాస్తారు. ఫెరిటిన్, బి12, విటమిన్ డి అంకెలు, మీ ఎత్తు, మీరు మాంసాహారులో కాదో నాకు రాస్తే తిండి పట్టికను మీకు సరిపోయేలా మార్చి ఇస్తాను.